యూనిట్ - 14: ట్రౌట్ నదిపై బృంద ఫ్లై ఫిషింగ్ యాత్ర

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 విషయ పరిచయం
14.2 ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటి?
14.3 ట్రౌట్ చేప జీవన విధానం
14.4 భారతదేశానికి ట్రౌట్ రాక
14.5 తీర్థన్ నది
14.6 బృంద యాత్ర ప్రణాళిక
14.7 నది ఒడ్డున బృందం పాటించవలసిన పద్ధతులు
14.8 పట్టిన చేపను తిరిగి వదలడం
14.9 భద్రత
14.10 సారాంశం
14.11 ముఖ్య పదాలు
14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు
14.13 మీ ప్రగతిని సమీక్షించుకోండి - జవాబులు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ఫ్లై ఫిషింగ్‌కు, మామూలు గాలపు వేటకు ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ట్రౌట్ చేప జీవన విధానానికి, వేట నిషేధ కాలానికి మధ్య సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• తీర్థన్ నదిని ఉదాహరణగా తీసుకుని ఒక చిన్న బృందానికి యాత్రా ప్రణాళిక తయారు చేయగలుగుతారు.
• కొండ నదుల దగ్గర బృంద నాయకుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

14.1 విషయ పరిచయం

వెనుకటి యూనిట్లలో మీరు పర్వతారోహణ, తెప్ప ప్రయాణం వంటి సాహస పర్యాటక రూపాలను గురించి చదివారు. వాటిలో పర్యాటకుడు ప్రకృతిని చూస్తాడు, దానిలో ప్రయాణిస్తాడు. చేపల వేట కోసం చేసే యాత్ర వాటికి కొంత భిన్నం. ఇక్కడ పర్యాటకుడు నదిలోని ఒక ప్రాణితో నేరుగా తలపడతాడు. ఆ ప్రాణి ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు తింటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది అన్నది తెలియకపోతే చేప దొరకదు. దొరికినా నదికి నష్టం జరుగుతుంది.

ఒక్క మనిషి చేసే పొరపాటు చిన్నదే కావచ్చు. అదే పొరపాటును ఆరుగురు కలిసి మూడు రోజులు చేస్తే ఒక మడుగు ఖాళీ అవుతుంది. పైగా కొండ నది దగ్గర బృందం చేసే పొరపాటు చేపలకే కాక మనుషులకు కూడా ప్రమాదం తెస్తుంది. అందువల్ల ఈ యూనిట్‌లో ఒకే సూత్రాన్ని ఆధారంగా తీసుకుంటున్నాం. యాత్రకు ఏ నెలలో వెళ్లాలి, ఎంతమంది వెళ్లాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్న ప్రతి నిర్ణయమూ మన వీలును బట్టి కాక, చేప స్వభావాన్నీ నది స్వభావాన్నీ బట్టి జరగాలి. ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నది ఉదాహరణగా పరిశీలిద్దాం.

14.2 ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటి?

మన చెరువు గట్ల మీద గాలం వేసేవారిని మీరు చూసే ఉంటారు. వెదురు కర్రకు దారం కట్టి, దారానికి బెండు, చిన్న సీసపు గుండు, కొక్కెం అమర్చి, కొక్కేనికి వానపామును గుచ్చుతారు. విసిరినప్పుడు గుండు, ఎర బరువుతో దారం దూరంగా వెళ్లి పడుతుంది. ఆపైన బెండు మునిగే దాకా ఎదురుచూడాలి.

ఫ్లై ఫిషింగ్‌లో ఈ పద్ధతి తలకిందులవుతుంది. ఇందులో ఎరకు బరువు ఉండదు. ఈకలు, వెంట్రుకలు, దారపు పోగులు చిన్న కొక్కెం చుట్టూ చుట్టి, నీటి మీద వాలే పురుగులా కనిపించేటట్లు తయారు చేస్తారు. దీనినే ‘ఫ్లై’ అంటారు. ఇంత తేలికైన వస్తువును చేతితో విసిరితే రెండు గజాలు కూడా పోదు. అందువల్ల బరువును ఎరలో కాక లైనులో ఉంచుతారు. ట్రౌట్ వేటకు ఎక్కువగా వాడే ఐదో నంబరు లైనులో మొదటి 30 అడుగుల బరువు సుమారు 9 గ్రాములు. సుమారు 9 అడుగుల పొడవున్న రాడ్‌తో ఈ లైనును వెనక్కి విసురుతారు. అది వెనుక పూర్తిగా చాపుకునే వరకు క్షణకాలం ఆగి, తరువాత ముందుకు విసురుతారు. ఆగకుండా తొందరపడితే లైను కొరడాలా చెళ్లుమంటుంది. ఒక్కోసారి చివరనున్న ఫ్లై తెగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తప్పేది బలం చాలక కాదు, ఈ క్షణకాలం ఆగలేక.

లైను చివర లీడర్ అనే సన్నని పారదర్శకమైన దారం ఉంటుంది. ఇది క్రమంగా సన్నబడుతూ పోతుంది. ఫ్లై దీని కొసకు కట్టి ఉంటుంది కాబట్టి చేపకు మందమైన లైను కనిపించదు.

ఈకల ఎరతో చేపలు పట్టడం కొత్త విద్య కాదు. మాసిడోనియాలో ఎర్ర ఉన్ని, ఈకలు చుట్టిన కొక్కేలతో నది చేపలను పట్టేవారని రోమన్ కాలపు రచయిత ఏలియన్ సుమారు 1,800 ఏళ్ల కిందటే రాశాడు.

ఫ్లైలు ముఖ్యంగా రెండు రకాలు. నీటి పైన తేలేది ‘డ్రై ఫ్లై’. నీటి లోపల కొట్టుకుపోయేది ‘నింఫ్’. మేఫ్లై, కాడిస్, స్టోన్‌ఫ్లై వంటి పురుగులు తమ జీవితంలో ఎక్కువ భాగం నీటి అడుగున రాళ్ల కింద గడుపుతాయి. రెక్కలు వచ్చి పైకి లేచేది చివరి దశలో మాత్రమే. అందువల్ల ట్రౌట్ తన ఆహారంలో ఎక్కువ భాగాన్ని నీటి లోపలే తింటుంది. నీటి మీద పురుగులు లేస్తున్నట్లు కనబడితే డ్రై ఫ్లై వాడాలి. లేకపోతే నింఫ్ వాడాలి. ఒడ్డుకు చేరగానే రాడ్ విప్పకుండా, ముందు ఒక రాయిని తిరగేసి దాని కింద ఏ పురుగులు ఉన్నాయో చూడటం మంచి అలవాటు. చూసిన తరువాత రాయిని ఎలా ఉన్నదో అలాగే పెట్టాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - I
గమనిక: (అ) మీ జవాబును నోట్ పుస్తకంలో రాయండి. (ఆ) యూనిట్ చివర ఇచ్చిన జవాబుతో సరిపోల్చుకోండి.
1. ఫ్లై ఫిషింగ్‌లో ఎర దూరంగా వెళ్లడానికి కారణం ఏమిటి?

14.3 ట్రౌట్ చేప జీవన విధానం

మన దేశపు కొండ నదులలో కనిపించే ట్రౌట్ రకాలు రెండు. ఒకటి బ్రౌన్ ట్రౌట్. దీని శాస్త్రీయ నామం సాల్మో ట్రుటా. రెండవది రెయిన్‌బో ట్రౌట్. తీర్థన్ నదిలో వేటగాళ్లు వెతికేది ముఖ్యంగా బ్రౌన్ ట్రౌట్‌నే.

ఉష్ణోగ్రత: ట్రౌట్‌కు చల్లని నీరు కావాలి. నీరు 7 నుంచి 17 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు అది చురుకుగా తింటుంది. సుమారు 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. 25 డిగ్రీలకు చేరితే ప్రాణాపాయం. దీనికి ఒక కారణం ప్రాణవాయువు. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 25 డిగ్రీల వద్ద అది సుమారు 8 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. నీరు వేడెక్కే కొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది మాత్రం తగ్గుతుంది. కృష్ణా, గోదావరి మైదానాలలో ట్రౌట్ ఎందుకు బతకదో దీనిని బట్టి మీరు అర్థం చేసుకోవచ్చు.

స్థానం: ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, పెద్ద రాయి వెనుకనో, వేగంగా పారే నీటికీ నెమ్మదైన నీటికీ మధ్య అంచులోనో నిలుస్తుంది. నెమ్మదైన నీటిలో నిలిస్తే శ్రమ తక్కువ. పక్కనే ఉన్న వేగపు నీరు ఆహారాన్ని తెచ్చి ఇస్తుంది. చేప ఎగువ వైపు చూస్తూ ఉంటుంది కనుక వేటగాడు దిగువ నుంచి, అంటే దాని వెనుక నుంచి, ఎగువకు నడవాలి.

చూపు: నీటిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది. అందువల్ల చేపకు పైప్రపంచమంతా తల మీద సుమారు 97 డిగ్రీల కోణంలో ఉండే ఒక గుండ్రని కిటికీ గుండా కనిపిస్తుంది. ఒడ్డున నిటారుగా నిలబడిన మనిషి ఆ కిటికీ అంచులో కనబడతాడు. వంగి, దూరంగా ఉన్న మనిషి దాదాపు కనబడడు. మోకాళ్ల మీద కూర్చుని లైను విసిరే వేటగాళ్లను చూసి కొత్తవారు నవ్వుతారు. ఆ భంగిమకు కారణం ఇదే.

సంతానం: బ్రౌన్ ట్రౌట్ చలికాలం మొదట్లో గుడ్లు పెడుతుంది. ఆడ చేప గులకరాళ్లను తోకతో తవ్వి గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. 10 డిగ్రీల నీటిలో గుడ్లు పొదగడానికి సుమారు 6 వారాలు పడుతుంది; 5 డిగ్రీల నీటిలో సుమారు 3 నెలలు పడుతుంది. పొదిగిన పిల్లలు కూడా కొన్ని వారాలు రాళ్ల మధ్యనే ఉంటాయి. ఈ కాలంలో ఆ గులకరాళ్ల మీద ఒక మనిషి బూట్లతో నడిచినా ఎన్నో గుడ్లు నలిగిపోతాయి. హిమాచల్ ప్రదేశ్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ వేటను నిషేధించడానికి ఆధారం ఈ జీవశాస్త్రమే.

14.4 భారతదేశానికి ట్రౌట్ రాక

ట్రౌట్ మన దేశపు చేప కాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ నదులలో వేటాడటానికి అలవాటు పడిన బ్రిటిష్ అధికారులు దానిని ఇక్కడికి తెచ్చారు. 1863లో డాక్టర్ ఫ్రాన్సిస్ డే నీలగిరులకు ట్రౌట్ తేవడానికి ప్రయత్నించి విఫలమయ్యాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన ఆ కొండలలో, 20వ శతాబ్దం మొదట్లో హెచ్.సి. విల్సన్ కృషితో రెయిన్‌బో ట్రౌట్ నిలదొక్కుకుంది. 1900లో స్కాట్లండ్ నుంచి కాశ్మీరుకు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు చేరాయి. ఈ పనిలో ఎఫ్.జె. మిచెల్ ప్రధాన పాత్ర వహించాడు. కాశ్మీరు నుంచి అది 1909 ప్రాంతంలో కుల్లూ లోయకు వచ్చింది.

ఈ చరిత్రను మీరు రెండు వైపుల నుంచి చూడాలి. హిమాలయ నదులలో మొదటి నుంచి ఉన్న చేపలలో స్నో ట్రౌట్ ముఖ్యమైనది. పేరులో ట్రౌట్ ఉన్నా అది మన బొచ్చె, శీలావతి చేపలు చెందిన కార్పు కుటుంబానికి చెందినది. రాళ్ల మీది నాచును గీకి తింటుంది. బ్రౌన్ ట్రౌట్ మాంసాహారి. అది స్నో ట్రౌట్ పిల్లలను తింటుంది, వాటి చోటును ఆక్రమిస్తుంది. హిమాలయ స్నో ట్రౌట్ ప్రధాన జాతి ఒకటి నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితాలో ‘ముప్పును ఎదుర్కొంటున్న’ జాతిగా ఉంది. ట్రౌట్ ఒక్కటే దీనికి కారణం కాదు. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, మితిమీరిన వేట కూడా కారణాలే. అయినా ‘ట్రౌట్ ఉన్న నది ఆరోగ్యమైన నది’ అనే ప్రచార వాక్యాన్ని పర్యాటక విద్యార్థి పూర్తి సత్యంగా తీసుకోకూడదు.

రెండవ వైపు కూడా ఉంది. దానిని తీర్థన్ నది చూపిస్తుంది.

14.5 తీర్థన్ నది

తీర్థన్ నది కుల్లూ జిల్లాలోని మంచు కొండలలో పుట్టి, గుషైని, నగిని, బంజార్ ప్రాంతాల మీదుగా ప్రవహించి, లార్జి దగ్గర సైంజ్ నదితోనూ బియాస్ నదితోనూ కలుస్తుంది. దీని ఎగువ భాగం గ్రేట్ హిమాలయన్ జాతీయ పార్కులో ఉంది. ఈ పార్కు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఢిల్లీ నుంచి మనాలీ వెళ్లే రహదారిలో ఔట్ దగ్గర పక్కకు తిరిగితే ఈ లోయకు చేరుకుంటారు.

బియాస్ పరీవాహక ప్రాంతంలో అనేక నదుల మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు వచ్చాయి. తీర్థన్ మీద కూడా ప్రతిపాదనలు వచ్చాయి. లోయ ప్రజలు వాటిని వ్యతిరేకించారు. బంజార్ మాజీ శాసనసభ్యుడు దిలారామ్ శబాబ్ ఈ పోరాటంలో ముందు నిలిచారు. చివరకు తీర్థన్ మీదా దాని ఉపనదుల మీదా ప్రాజెక్టులు కట్టరాదని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దీనికి చూపిన ముఖ్య కారణాలలో ట్రౌట్ ఒకటి. బయటి నుంచి వచ్చిన చేపే ఇక్కడ నది స్వేచ్ఛగా పారడానికి ఆధారమైంది. ఆ నదిలో స్నో ట్రౌట్‌కు కూడా ఆనకట్టల బెడద తప్పింది. ఒక జాతి ఒకచోట హాని చేస్తూనే మరో విధంగా మేలు చేయగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

లోయలోని అతిథి గృహాలకు, గైడ్లకు, వాహన చోదకులకు ఈ నది జీవనాధారం. అక్కడికి వెళ్లే ప్రతి బృందం ఈ ఆధారాన్ని కొంత బలపరచి రావచ్చు, కొంత తినివేసి రావచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - II
2. ట్రౌట్ వేటకు నిషేధ కాలం చలికాలంలో ఎందుకు ఉంటుంది?

14.6 బృంద యాత్ర ప్రణాళిక

కాలం: వేటకు అనుమతి ఉన్న ఎనిమిది నెలలూ ఒకేలా ఉండవు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీరు తేటగా, చల్లగా ఉంటుంది. మే, జూన్‌లలో మంచు కరిగి ప్రవాహం పెరుగుతుంది. జూలై, ఆగస్టులలో వర్షాల వల్ల నీరు బురదగా మారుతుంది. హఠాత్తు వరదల భయం ఉంటుంది. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు నీరు మళ్లీ తేటపడుతుంది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే బృందాలు సాధారణంగా మే నెల వేసవి సెలవులను ఎంచుకుంటాయి. వీలైతే మార్చి, ఏప్రిల్ లేదా అక్టోబరు మేలని మీరు వారికి కారణాలతో చెప్పగలగాలి.

బృందం పరిమాణం: కొత్తవారితో కూడిన బృందంలో ఆరుగురికి మించకుండా, ప్రతి ముగ్గురికి ఒక స్థానిక గైడ్ ఉండేటట్లు చూసుకోవాలి. కొండ నదిలో ఒక మడుగులో ఒకేసారి ఇద్దరికి మించి వేటాడలేరు. పన్నెండు మందిని తీసుకుపోతే ఎక్కువమంది ఖాళీగా కూర్చుంటారు. ఖాళీగా ఉన్నవారు నీటిలోకి దిగుతారు, రాళ్లు విసురుతారు, ఫొటోల కోసం ప్రమాదకరమైన చోట్లకు పోతారు.

అనుమతులు: ట్రౌట్ వేటకు ప్రతి వ్యక్తికీ మత్స్యశాఖ పర్మిట్ అవసరం. రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవు లోపు చేపలను వదలాలి అనే నియమాలను బయలుదేరే ముందు మత్స్యశాఖ వద్ద సరిచూసుకోవాలి. జాతీయ పార్కు లోపలికి వెళ్లాలంటే వేరే అనుమతి కావాలి. కొన్ని ఊళ్ల దగ్గర దేవుడి పేరు మీద కాపాడే మడుగులు ఉంటాయి. అక్కడ చట్టం ఏం చెబుతుందని వాదించకుండా ముందే అడిగి తెలుసుకుని, వాటిని విడిచిపెట్టడం మర్యాద.

సామగ్రి: రాడ్, రీలు, లైను, ఫ్లైలతో పాటు ముళ్లు లేని కొక్కేలు, జారని బూట్లు, ఊతకర్ర, నీటి ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు, వెలుగు తళతళలను తగ్గించే కళ్లద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. వెనుక నిలబడినవారి లైను నుంచి ఎగిరి వచ్చే కొక్కెం కంటికి తగలకుండా కూడా కళ్లద్దాలు కాపాడతాయి. కాబట్టి వాటిని ఐచ్ఛికంగా భావించకూడదు.

ఒక ఊహా లెక్క: ఆరుగురు సభ్యులున్న బృందం మూడు రోజులు వేటాడి, ఒక్కొక్కరు రోజుకు రెండు చేపల చొప్పున ఉంచుకున్నారని అనుకుందాం. మొత్తం 36 చేపలు. అనుమతి కాలమైన 35 వారాలలో వారానికి ఒక బృందం ఇలాగే చేస్తే 1,260 చేపలు. ఆడ బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. ఒక్కో బృందం తాను తీసుకున్నది కొంచెమేనని అనుకుంటుంది. నది మాత్రం మొత్తాన్ని భరించాలి.

14.7 నది ఒడ్డున బృందం పాటించవలసిన పద్ధతులు

1. నదిని భాగాలుగా పంచుకోవాలి. ఇద్దరిద్దరిని ఒక జంటగా చేసి, ఒక్కో జంటకు ఒక భాగం ఇవ్వాలి. మధ్యాహ్నం భాగాలు మార్చుకోవాలి. మంచి మడుగు ఒకరికే దక్కిందన్న అలకలు దీనితో తగ్గుతాయి.

2. ఎగువకు వేటాడుతూ పోతున్న వ్యక్తికి ముందు మరొకరు నీటిలోకి దిగకూడదు. దిగితే అతను చేరబోయే మడుగులోని చేపలన్నీ బెదిరిపోతాయి. దాటి పోవాలంటే ఒడ్డు మీదుగా, నీటికి దూరంగా నడిచి, ముందు అతనికి చెప్పి వెళ్లాలి.

3. జంటలో ఒకరు వేటాడుతుంటే రెండవవారు చూడాలి. చూసేవారికి పురుగులు, చేప కదలిక, లైను చేసే తప్పు స్పష్టంగా కనిపిస్తాయి. ప్రవాహం లైనును లాగినప్పుడు ఫ్లై నీటి మీద అసహజంగా ఈడ్చుకుపోతుంది. అది చూసి ట్రౌట్ ముట్టదు. వేటాడేవారి కన్నా పక్కవారే దీనిని ముందు గమనిస్తారు. కొత్తవారు ఎక్కువ నేర్చుకునేది ఇలా చూస్తున్నప్పుడే.

4. గులకరాళ్లు ఉన్న లోతు తక్కువ చోట్ల అనవసరంగా నడవకూడదు.

5. ఒక నది నుంచి మరో నదికి వెళ్లే ముందు బూట్లు, వలలు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తడి బూట్ల ద్వారా సూక్ష్మజీవులు, నాచు ఒక నది నుంచి మరో నదికి చేరతాయి. ఈ కారణంగానే న్యూజిలాండ్ 2008లో వేటగాళ్లు ఉన్ని వంటి పదార్థంతో చేసిన అడుగుల బూట్లు వాడటాన్ని నిషేధించింది.

14.8 పట్టిన చేపను తిరిగి వదలడం

చాలా బృందాలు నేడు పట్టిన చేపను వదిలే పద్ధతిని పాటిస్తున్నాయి. అయితే నీటిలోకి విసిరినంత మాత్రాన చేప బతుకుతుందని అనుకోవద్దు. కింది క్రమాన్ని గుర్తుంచుకోండి.

• చేపను ఎక్కువసేపు అలసిపోనివ్వకుండా త్వరగా దగ్గరకు తేవాలి.
• ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. చేప ఒంటి మీది జిగురు పొర రోగాల నుంచి కాపాడుతుంది. పొడి చేతులు ఆ పొరను తుడిచేస్తాయి.
• కొక్కేన్ని వీలైనంతవరకు చేప నీటిలో ఉండగానే తీయాలి. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధం చేసుకున్న తరువాతనే కొద్ది క్షణాలు ఎత్తాలి. ఆరుగురు వరుసగా అదే చేపతో ఫొటో దిగడం తగదు.
• మొప్పలలో వేలు పెట్టకూడదు, పొట్టను నొక్కకూడదు.
• ప్రవాహానికి ఎదురుగా తల ఉండేటట్లు మెల్లగా పట్టుకుని, అది తనంతట తాను ఈదిపోయే దాకా ఆగాలి.
• నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు చేరితే వేట ఆపాలి. అప్పటికే ఊపిరికి ఇబ్బంది పడుతున్న చేప వదిలినా బతకకపోవచ్చు.

తినడానికి చేప కావాలనుకునే బృందానికి లోయలోని ట్రౌట్ పెంపక కేంద్రాలు ఉన్నాయి. అక్కడ కొంటే స్థానిక రైతుకు ఆదాయం, నదిలోని చేపకు ఆయుష్షు.

14.9 భద్రత

ఈ భాగాన్ని మీరు శ్రద్ధగా చదవాలి.

2014 జూన్ 8న హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల బృందం హిమాచల్ ప్రదేశ్ యాత్రలో భాగంగా మండి జిల్లాలోని థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగింది. కొందరు రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన ఉన్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు విడుదలైంది. నది చూస్తుండగానే పెరిగింది. 24 మంది విద్యార్థులు, యాత్ర సిబ్బందిలో ఒకరు కొట్టుకుపోయారు. తీర్థన్ బియాస్‌లో కలిసేది ఈ లార్జి దగ్గరే. ఔట్ దారిలో తీర్థన్ లోయకు వెళ్లే బృందాలు ఆ సంగమం మీదుగానే వెళ్తాయి.

ఆ విద్యార్థులు నిర్లక్ష్యంగా ప్రవర్తించారని అనుకోవడం సులువు, కాని అది సరికాదు. వారు చూసినప్పుడు నీరు తక్కువగానే ఉంది. మైదాన ప్రాంతం వారికి నది అంటే మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేది. కొండ నది అలా ఉండదు. దాని తీరు తెలిసినవారు పక్కన ఉండి ముందే చెప్పాలి. బృంద నాయకుడి మొదటి బాధ్యత అదే.

తీర్థన్ మీద ఆనకట్ట లేదు. కాని ఎగువన ఎక్కడో కురిసిన వర్షం కింద ఎండ కాస్తుండగానే వరదగా రావచ్చు. 2023 జూలైలో కుల్లూ, మండి జిల్లాలలో వచ్చిన వరదలు రహదారులను, వంతెనలను తీసుకుపోయాయి. కాబట్టి కింది జాగ్రత్తలు తప్పనిసరి.

గుర్తు రాయి: ఒడ్డుకు చేరగానే నీటి అంచున ఉన్న ఒక రాయిని గుర్తు పెట్టుకోవాలి. ప్రతి అరగంటకు దానిని చూడాలి. అది మునుగుతుంటే అందరూ వెంటనే పైకి రావాలి.

ముందస్తు సూచనలు: తేట నీరు ఒక్కసారిగా రంగు మారడం, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం, అడుగున రాళ్లు దొర్లే శబ్దం వినిపించడం వరదకు గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా సామాను వదిలేసి ఎత్తైన చోటుకు చేరాలి.

ప్రవాహ బలం: నీరు మనిషిని నెట్టే బలం దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీరు కూడా వేగంగా ఉంటే మనిషిని పడగొట్టగలదు. కొత్తవారు మోకాలి లోతు దాటి దిగకూడదు.

పడిపోతే: లేచి నిలబడటానికి ప్రయత్నించకూడదు. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువ వైపు పైకెత్తి ఉంచి, నెమ్మదైన నీటి వైపు చేతులతో ఈదాలి. రాడ్‌ను వదిలేయాలి.

లెక్క: ప్రతి గంటకు నాయకుడు అందరినీ లెక్కపెట్టాలి. ఎవరూ ఒంటరిగా నీటిలోకి దిగకూడదు. గైడ్ ‘పైకి రండి’ అంటే చేప గాలానికి తగిలి ఉన్నా సరే రావాలి. ఈ మాటను యాత్ర మొదటి రోజు ఉదయమే, నీటిని చూడక ముందే, అందరి చేత ఒప్పించాలి. ఉత్సాహం మొదలైన తరువాత చెప్పే నియమాన్ని వినేవారు తక్కువ.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - III
3. కొండ నదిలో వరద రాబోతున్నదని తెలిపే మూడు గుర్తులు రాయండి.

14.10 సారాంశం

ఫ్లై ఫిషింగ్‌లో తేలికైన కృత్రిమ పురుగును లైను బరువుతో విసురుతారు. ట్రౌట్‌కు చల్లని, ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న నీరు కావాలి. అది చలికాలంలో గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది కాబట్టి ఆ కాలంలో వేట నిషిద్ధం. బ్రిటిష్ కాలంలో వచ్చిన ఈ చేప స్థానిక స్నో ట్రౌట్‌కు పోటీ అయినా, తీర్థన్ నది మీద ఆనకట్టలు రాకుండా ఉండటానికి ఒక కారణమైంది. చిన్న బృందం, సరైన కాలం, పంచుకున్న నది భాగాలు, చేపను జాగ్రత్తగా వదలడం, నీటి మట్టాన్ని నిరంతరం గమనించడం మంచి యాత్రకు ఆధారాలు. ఎన్ని చేపలు పడ్డాయన్నది యాత్ర విజయానికి కొలత కాదు. వెళ్లిన వారందరూ క్షేమంగా తిరిగి రావడం, తరువాత వచ్చే బృందానికి నది అలాగే మిగలడం అసలైన కొలత.

14.11 ముఖ్య పదాలు

ఫ్లై: ఈకలు, దారాలతో పురుగులా తయారు చేసిన కొక్కెం.
డ్రై ఫ్లై: నీటి పైన తేలే ఫ్లై.
నింఫ్: నీటిలోని పిల్ల పురుగు, దానిని పోలిన, నీటి లోపల వాడే ఫ్లై.
లీడర్: లైనుకు, ఫ్లైకి మధ్య ఉండే సన్నని పారదర్శకమైన దారం.
నిషేధ కాలం: చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేటకు అనుమతి లేని కాలం.
గుర్తు రాయి: నీటి మట్టం మార్పును గమనించడానికి ఎంచుకున్న రాయి.

14.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. ట్రౌట్ జీవన విధానం బృంద యాత్ర ప్రణాళికను ఎలా నిర్ణయిస్తుందో వివరించండి.
2. కొండ నదుల దగ్గర బృంద నాయకుడి బాధ్యతలను ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. భారతదేశంలో ట్రౌట్ ప్రవేశం వల్ల కలిగిన మేలు, కీడులు.
2. పట్టిన చేపను వదిలే సరైన విధానం.
3. మీ ప్రాంతంలోని ఒక చెరువు లేదా నది దగ్గర బృంద యాత్రకు పాటించవలసిన ఐదు నియమాలను కారణాలతో రాయండి.

14.13 మీ ప్రగతిని సమీక్షించుకోండి - జవాబులు

1. ఎర తేలికైనది కాబట్టి బరువు లైనులో ఉంటుంది. విసిరినప్పుడు లైను బరువే ఫ్లైని దూరంగా తీసుకుపోతుంది.
2. బ్రౌన్ ట్రౌట్ చలికాలం మొదట్లో గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది. చల్లని నీటిలో అవి పొదగడానికి వారాల నుంచి నెలల సమయం పడుతుంది. వేట వల్ల తల్లి చేపలకు, నడక వల్ల గుడ్లకు నష్టం కలుగుతుంది.
3. నీటి రంగు హఠాత్తుగా మారడం. ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం. అడుగున రాళ్లు దొర్లే శబ్దం వినిపించడం.